‘ప్రమాదవశాత్తు’ అనే మాట గురించి

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మీ నగరం పేజీలో, కింద మూలన, ఆరు వరుసల వార్త ఒకటి వచ్చింది. కడుతున్న ఇంటి రెండో అంతస్తులో సెంట్రింగ్ పని చేస్తున్న పాలమూరు కూలీ ‘ప్రమాదవశాత్తు’ జారిపడి చనిపోయాడు. ఇంటి యజమాని ప్రస్తావన లేదు, మేస్త్రీ ప్రస్తావన లేదు, ప్లాను మీద సంతకం పెట్టిన ఇంజినీరు ఊసే లేదు. ప్రమాదవశాత్తు అన్న మాట మాత్రం ఆరు వరుసల్లో రెండుసార్లు ఉంది. ఆ రోజే రాద్దామని కూర్చుంటే మా ఆవిడ ‘మీకెందుకండీ’ అంది, ఊరుకున్నాను. నిన్న మా వీధి చివర ఇంకో పరంజా లేచింది. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

నేను విద్యుత్తు శాఖలో లైన్‌ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరైన వాడిని. స్తంభాలెక్కి బతికిన వాడికి ఈ మాట అంత తేలిగ్గా మింగుడుపడదు. మా పనిలో ఎవరైనా షాక్‌ తగిలి పడిపోతే మొదటి ప్రశ్న ఒకటే: లైన్‌ క్లియర్‌ ఎవరు తీసుకున్నారు, ఎవరు ఇచ్చారు? తీగలో కరెంటు ఆపాం, ఇక ముట్టుకోవచ్చు అనే అనుమతి అది. దానికో కాగితం ఉండేది, కాగితం మీద సంతకం ఉండేది. సొంత ఇల్లు కట్టేచోట అలాంటి కాగితం ఎవరి జేబులోనూ దొరకదు.

మా వీధి పరంజా సంగతి చెబుతాను. సరుగుడు కర్రలు, కొబ్బరి తాళ్ళు. కర్రల కింద ఇటుక ముక్కలు ఎగదోశారు. నిలబడడానికి వేసిన పలకను కట్టనైనా లేదు, ఊరికే ఆనించారు. అంచున అడ్డుకర్ర లేదు, కింద వల లేదు. మెట్లకు పట్టుకునే ఆసరా లేదు, సంపుకు మూత లేదు. ఆ సంపుకు నాలుగడుగుల్లోనే వాచ్‌మన్ గుడిసె, గుడిసెలో మూడేళ్ళ పిల్ల. దిష్టిబొమ్మ మాత్రం ఉంది. కోరమీసాలతో, నాలుక చాచి, దారినపోయే నాలాంటి వాళ్ళ చూపుల నుంచి గోడలను కాపాడుతోంది. ఆ ఇంటి మొత్తం మీద గట్టి నైలాన్‌ తాడుతో కట్టింది ఆ బొమ్మనొక్కదాన్నే.

ఇక నా కళ్ళు ముందుగా పోయేది తీగల మీదికే. బాల్కనీని వీధివైపు రెండున్నర అడుగులు జరిపారు. ఎదురుగా 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల లైను. కట్టడానికీ ఆ లైనుకూ మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్ల దూరం ఉండాలని నిబంధన. అది గోడకు చెప్పిన లెక్క. మన ఇళ్ళకు వచ్చే ఇనుప చువ్వ పొడవు 12 మీటర్లు, అంటే దాదాపు 40 అడుగులు. దాన్ని కింద ఇద్దరు ఎత్తి అందిస్తే పైన ఇద్దరు అందుకుని తిప్పుతారు. తిప్పేటప్పుడు ఆ కొస ఎటు పోతుందో పట్టుకున్న వాడికే తెలియదు. చువ్వలు ఎక్కించే రెండు గంటలు లైను ఆపమని అర్జీ పెట్టుకుంటే పోయేదేముంది? యజమానిని అడిగాను. ‘కాంట్రాక్టు ఇచ్చేశానండీ, అన్నీ మేస్త్రీయే చూసుకుంటాడు’ అన్నాడు. మేస్త్రీని అడిగాను. ‘ఓనరుగారు చెప్పింది చేస్తాం సార్’ అన్నాడు. ఇంజినీరును అడుగుదామంటే ఆయన భూమిపూజ నాడు కనిపించాడట, మళ్ళీ గృహప్రవేశం భోజనాలకే వస్తాడు కాబోలు. కూలీలది ఒడిశా, నా తెలుగు వాళ్ళకు అర్థం కాలేదు.

నేనేదో పుణ్యాత్ముణ్ణని రాయడం లేదు. 2003లో నేను ఇల్లు కట్టుకున్నాను. స్లాబు వేసే రోజు కంకర గంపతో వాలు పలక ఎక్కుతున్న ఒకామె జారిపడింది, మణికట్టు విరిగింది. స్లాబు మధ్యలో ఆపితే జాయింటు పడుతుందని మేస్త్రీ అన్నాడు. నేను తలూపాను. ఆమె చేతిలో 500 రూపాయలు పెట్టి ఆటో ఎక్కించాను. ఆ రాత్రి మేకను కోసి అందరికీ భోజనం పెట్టాను. లైన్‌ క్లియర్‌ లేనిదే తీగ ముట్టని మనిషిని, ఆమె పేరు కూడా అడగలేదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. నిర్మాణ కార్మికుల కోసం 1996లో ఒక చట్టం తెచ్చారు. పదిమంది కన్నా తక్కువ కూలీలున్న చోటును, 10 లక్షలు దాటకుండా కట్టుకునే సొంత ఇంటిని అందులోంచి వదిలేశారు. 2020 నాటి కార్మిక కోడ్‌లో ఆ 10 లక్షలను 50 లక్షలు చేశారు. సిమెంటు ధరలు పెరిగాయి కనుక హద్దూ పెరిగిందని సరిపెట్టుకుందాం. రెండో అంతస్తు ఎత్తు మాత్రం 1996లో ఎంతో ఇప్పుడూ అంతే కదా! నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే అయిదేళ్ళ దాకా జైలు అనే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌ ఇంటికి ఎంత ఖర్చయిందని అడగదు. కానీ అక్కడిదాకా పోనిస్తారా? పెద్దమనుషులు కూర్చుంటారు, శవం ఊరికి బయలుదేరుతుంది, మీ విలేఖరికి ‘ప్రమాదవశాత్తు’ అని చెబుతారు.

సెస్సు కట్టాను అంటాడు మా వీధి యజమాని, రసీదు కూడా చూపించాడు. నిజమే, నిర్మాణ వ్యయంలో ఒక శాతం కార్మికుల సంక్షేమానికి వసూలు చేస్తారు. అందులోంచి సాయం అందాలంటే కార్మికుడు 18 నుంచి 60 ఏళ్ళ లోపువాడై, ఏడాదిలో 90 రోజులు పనిచేసి, పేరు నమోదు చేయించుకుని ఉండాలి. పొద్దున్నే అడ్డా మీద నిలబడి రోజుకో ఇంటికి పోయే మనిషికి ఆ 90 రోజుల లెక్క ఎవరు రాసిస్తారు? మా వీధి యజమాని రాసిస్తాడా?

అధికారుల గురించి రాస్తే సిరా దండగ. 2020లో ఇళ్ళ అనుమతుల కోసం టీఎస్ బీపాస్ చట్టం వచ్చాక 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల స్థలం, 10 మీటర్ల ఎత్తు వరకూ మనకు మనమే ధ్రువీకరించుకోవచ్చు. బల్ల కింద చేతులు తగ్గాయంటే సంతోషమే. కానీ వెనక ఎంత జాగా వదిలావని టేపు పట్టుకొచ్చేవాడికి పైన నిలబడ్డ మనిషి కాళ్ళ కింద ఏముందో చూడడానికి మెడ ఎత్తడం రాదు. వీధిలో సగం ఇసుక, సగం కంకర, దాని మీద జారిన స్కూటర్లను లెక్కపెట్టడం మానేశాను. కూల్చిన పాత ఇంటి మట్టి రాత్రికి రాత్రి నాలాలో తేలుతుంది. భవన వ్యర్థాల కేంద్రం ఫతుల్లాగూడలోనే ఉంది, మాకు పెద్ద దూరమేమీ కాదు.

నానక్‌రాంగూడలో 2016 డిసెంబరులో ఏడంతస్తులు కూలి 11 మంది, బాచుపల్లిలో 2024 మేలో గోడ కూలి చిన్నపిల్లవాడితో సహా ఏడుగురు పోతే మొదటి పేజీ దక్కింది. అదే ఏడాది నవంబరులో సిద్దిఖ్‌ నగర్‌లో పక్క స్థలంలో పునాది గుంటలు తవ్వితే ఒక ఇల్లు ఒరిగింది, చివరికి దాన్ని కూల్చాల్సి వచ్చింది. అప్పుడు నగరమంతా ఫోన్లు పట్టుకుని చూసింది. ఒక్కొక్కడుగా పడేవాళ్ళకు ఆరు వరుసలు. కనీసం ఆ ఆరింట్లో ఒక వరుసైనా పరంజా ఎవరు కట్టించారో అడగమని మీ విలేఖరులకు చెప్పండి.

అన్నట్టు, మొన్న నేనే నాలుగు పసుపు హెల్మెట్లు కొని ఆ మేస్త్రీకి ఇచ్చాను. మూడు సిమెంటు బస్తాల పక్కన పడి ఉన్నాయి. నాలుగోది మేస్త్రీ నిత్యం పెట్టుకుంటున్నాడు, మోటారు సైకిల్ మీద. చలానా పడుతుందట.

ఇట్లు,
విశ్రాంత లైన్‌ ఇన్‌స్పెక్టర్‌,
వనస్థలిపురం, హైదరాబాద్‌