ఆటలో అరటిపండ్లు ఇక లేవు

ఎప్పుడూ వచ్చే అన్నలకూ తమ్ముళ్లకూ ఒక మాట. ఆదివారం కౌంటర్ దగ్గర నిలబడి గొడవ పడేకంటే ముందే ఇది చదువుకుని రండి. ఓడినవాడే అందరి గంట డబ్బు (సీటు అద్దె) కట్టే పద్ధతి మన గేమింగ్ సెంటర్లో ఇక లేదు. ఎవరి సీటు డబ్బు వాళ్లదే. ఆదివారం సాయంత్రం వాలరెంట్ (అయిదుగురు అయిదుగురు జట్లుగా కాల్చుకునే కంప్యూటర్ ఆట) ఆడేటప్పుడు పాతవాళ్లు రైఫిల్ ముట్టుకోకూడదు. 9 నుంచి 16 దాకా సీట్లలో మౌస్‌లన్నీ మార్చేశాం.

కారణం మీకూ తెలుసు. కొత్తగా వచ్చిన పిలకాయల్లో చాలామంది రెండోసారి గడప తొక్కడం లేదు. నెల్లూరు దర్గామిట్ట హాస్టళ్ల నుంచి నలుగురు కలిసి వస్తారు, గంటసేపు వరసగా చస్తారు, పైగా అవతలి జట్టు గంట డబ్బు కూడా వీళ్లే కట్టి పోతారు. ఇంకెందుకొస్తారు? ఆ డబ్బు నా గల్లాలోకే వచ్చింది కాబట్టి తప్పులో నా వాటా నాదే. 2025లో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. గంట డబ్బు పందెం అవుతుందా కాదా అనే వాదన నాకు అక్కర్లేదు. మన దగ్గర పందెం ఉండదు. పఫ్ మీదా లేదు, థమ్సప్ మీదా లేదు.

ఇక మౌస్‌ల సంగతి. "కొత్తవాళ్లకు చెత్త సీట్లు పడేసి, పాతవాళ్లకు మంచివి దాచిపెట్టాడు" అని ఎవరో అన్నారంట. అన్నవాళ్లెవరో నాకు తెలుసు, పేరు రాయను. నిజం దానికి తలకిందులు. కొత్తవాళ్లు కూర్చునే 9 నుంచి 16 సీట్లకు కొత్త మౌస్‌లే ఉండాలని చెన్నై రిచ్చీ స్ట్రీట్లో ఎన్నాళ్లుగానో సరుకు తెచ్చుకుంటున్న ఒక దుకాణం నుంచి 8 తెప్పించాం. ఒక్కోటి 1,150 రూపాయలు. 1 నుంచి 8 దాకా సీట్లలో పాతవే వదిలేశాం. ఆరు వారాల్లో ఆ ఎనిమిది కొత్తవాటిలో అయిదు చెడిపోయాయి. మూడేళ్ల పాతవి మాత్రం ఇప్పటికీ రాయిలా పనిచేస్తున్నాయి.

చెడిపోవడమంటే వైరు తెగడం, లైటు ఆరడం కాదు. అలా అయితే ఒక్కరోజులో కనిపెట్టేవాళ్లం. ఎడమ బటన్ కింద స్విచ్‌లో రాగి రేకు ఒకటి ఉంటుంది. నొక్కినప్పుడు అది కిందికి తగలాలి, వదిలినప్పుడు టక్కున లేవాలి. రేకు నాసిరకమైతే తగిలిన చోట వణుకుతుంది. ఒక్క నొక్కుకు రెండు నొక్కులు పోతాయి, పట్టి ఉంచితే మధ్యలో వదిలేసినట్టు అవుతుంది. కొత్త పిలకాయ వాండల్ అనే రైఫిల్‌తో వరసగా కాలుస్తుంటాడు, నాలుగో తూటా దగ్గర కాల్పు ఆగిపోతుంది, వాడు చస్తాడు. తన వేలిదే తప్పనుకుంటాడు. పక్కవాడు నవ్వుతాడు. మౌస్ మీద అనుమానం రావాలంటే ఆ ఆట కాస్తయినా తెలిసుండాలి కదా.

మీ ఇంట్లో మౌస్‌ను కూడా ఇలా పరీక్షించుకోవచ్చు. వాలరెంట్ ప్రాక్టీస్ రేంజ్‌లోకి పోయి వాండల్ తీసుకుని, గోడ వైపు తిరిగి, బటన్ వదలకుండా 25 తూటాలూ ఖాళీ చేయండి. మధ్యలో ఎక్కడైనా కాల్పు తెగితే స్విచ్ పోయినట్టే. పది మేగజైన్లు చూడండి, ఒక్కటి చూసి తేల్చేయొద్దు. తర్వాత గురిని గోడ మీద ఒక గుర్తు దగ్గర పెట్టి, మౌస్‌ను ప్యాడ్ ఈ చివర నుంచి ఆ చివరకు విసురుగా లాగి, మెల్లగా మొదటి చోటికి తీసుకురండి. గురి మళ్లీ ఆ గుర్తు దగ్గరికే రావాలి. జానెడు పక్కకు పోయినా, ఆకాశం వైపు ఎగిరినా సెన్సర్ వేగాన్ని అందుకోలేకపోతోందని అర్థం. మా ఎనిమిదిలో రెండు ఇక్కడే దొరికిపోయాయి. డబ్బా మీద 1000 హెర్ట్జ్ అని ఉంది, అంటే మిల్లీసెకనుకోసారి కంప్యూటర్‌కు కబురు పంపాలి. కొలిచి చూస్తే 125, అంటే 8 మిల్లీసెకన్లకోసారి. పేరు ఒకటే, డబ్బా ఒకటే, లోపల సరుకు వేరు.

దుకాణానికి ఫోన్ చేస్తే మొదట "వాడకం ఎక్కువ" అన్నారు. తర్వాత "గేమింగ్ సెంటర్ అంటే కమర్షియల్, వారంటీ వర్తించదు" అన్నారు. మౌస్‌లు ఎక్కడికి పోతున్నాయో తెలిసే అమ్మారు కదా అంటే జవాబు లేదు. స్విచ్‌లు మేమే మార్చి చూశాం. అడుగున జారుడు ముక్కలను హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి పీకితే వాటి కింద స్క్రూలు ఉంటాయి. విప్పి, స్విచ్ మూడు కాళ్ల దగ్గర టంకం కరిగించి తీసి, కొత్త స్విచ్ పెట్టాలి. సోల్డరింగ్ ఐరన్ 350 డిగ్రీల దగ్గర ఉంచి, ఒక్కో కాలి మీద 3 సెకన్లకు మించి ఆనించకూడదు, మించితే బోర్డు మీద రాగి పొర లేచిపోతుంది. కొన్ని బాగయ్యాయి. ఒకదానికి పొర లేచింది. సెన్సర్ పోయినవాటికి మందు లేదు. ఇంత చేశాక, బాగైనవాటిని కూడా కొత్తవాళ్ల ముందు పెట్టడానికి మనసొప్పలేదు. ఎనిమిదీ తీసేసి వేరే చోట బిల్లుతో కొన్నాం. పాత దుకాణంలో ఇక ఒక్క కేబుల్ కూడా కొనను. అక్కడ పది రూపాయలు తక్కువకు వస్తుందని నాకు చెప్పొద్దు.

కొత్త మౌస్‌లన్నీ 800 డీపీఐ (అంగుళం జరిపితే మౌస్ పంపే లెక్కల సంఖ్య), ఆటలో సెన్సిటివిటీ (ఆ జరుపుకు గురి ఎంత తిరగాలనే అంకె) 0.35 దగ్గర పెట్టి ఉంచాం. ఈ లెక్కన మౌస్‌ను దాదాపు 47 సెంటీమీటర్లు జరిపితే బొమ్మ ఒక చుట్టు పూర్తిగా తిరుగుతుంది. కొత్తవాళ్లు ఇంటి నుంచి తెచ్చుకునే అలవాటు 1600 డీపీఐ, సెన్సిటివిటీ 1. అక్కడ 8 సెంటీమీటర్లకే చుట్టు తిరిగేస్తుంది, తల మీద గురి ఎలా నిలుస్తుంది? మొదట్లో బరువుగా అనిపిస్తుంది. మణికట్టుతో కాదు, మోచేయి కదిపి ఆడాలి. వారం ఓపిక పట్టండి. ఎవరూ ఆ అంకెలు మార్చి అలాగే వదిలేసి పోవద్దు.

అసలు తలనొప్పి ఇప్పుడు చెప్తా. కొత్తవాళ్లతో ఆడేటప్పుడు పాతవాళ్లు చూసీ చూడనట్టు పోవాలా, వద్దా? మీలోనే సగం మంది "కాస్త వదిలేద్దాం అన్నా, పాపం" అన్నారు. మిగతా సగం "మమ్మల్నెవరు వదిలారు?" అన్నారు. మూడు వారాలు రెండు వైపులా విన్నా. వదిలేయడం కుదరదనే తేల్చుకున్నా. ఎందుకో వివరంగా చెప్తా, ఒప్పుకోకపోతే మీ ఇష్టం.

వాలరెంట్లో ఒక జట్టు పెట్టే బాంబు స్పైక్, పెట్టాక 45 సెకన్లలో పేలుతుంది. రెండో జట్టు దాన్ని డిఫ్యూజ్ చేయడానికి, అంటే పేలకుండా ఆపడానికి, 7 సెకన్లు పడుతుంది. సగం, అంటే 3.5 సెకన్లు చేసి వదిలేసినా ఆ సగం అలాగే ఉంటుంది. తెలిసినవాడు కాస్త చేసినట్టు శబ్దం చేసి, వదిలి, తుపాకీ ఎత్తి, తొంగి చూసినవాణ్ని కొట్టి, మళ్లీ కూర్చుంటాడు. ఇప్పుడు పాతవాడు మూల నుంచి చూస్తూ కూడా జాలిపడి కాల్చకుండా ఊరుకున్నాడనుకోండి. కొత్తవాడు 7 సెకన్లూ వీపు చూపించి కూర్చుంటే పని అయిపోతుందని నేర్చుకుంటాడు. నడుస్తూ కాల్చినా అవతలివాడు చచ్చినట్టు పడిపోతే, రైఫిల్ పట్టుకుని కదులుతూ కాలిస్తే తూటాలు చెదురుతాయని వాడికి ఎప్పుడు తెలుస్తుంది? లెవెల్ 20కి చేరి, గెలుపోటములను బట్టి స్థాయి మారే ర్యాంక్ ఆటలోకి పోయినరోజు తెలుస్తుంది. అక్కడ వాడితోపాటు ముక్కూ మొహం తెలియని నలుగురు మునుగుతారు.

ఇంకో సంగతి. వదిలేస్తున్నారని వాడికి తెలిసిపోతుంది. చిన్నప్పుడు మనందరినీ ఎవరో ఒకరు ఆటలో అరటిపండు చేసే ఉంటారు. అవుటైనా అవుట్ కాదు, పరుగు తీసినా లెక్కలోకి రాదు. ఆ వయసులో అది ముద్దు. పద్దెనిమిదేళ్లవాడికి అది అవమానం.

అలాగని కొత్తవాళ్లను పూర్తిగా విడదీసి, వాళ్లలో వాళ్లే ఆడుకోమంటే మామూలు రోజుల్లో పదిమంది కూడరు. కూడినా, మూల దాటేటప్పుడు గురి ఎక్కడ ఉంచుకోవాలో చూపించేవాడు ఆ గదిలో ఉండడు.

మన ఊళ్లలో అరుగు మీద గీసి ఆడే పులి-మేక చూడండి. పులులు మూడు, మేకలు పదిహేను. పులి మేకను వదిలేయాలని అక్కడ ఎవరూ అనరు. పులి దొరికినదాన్ని దూకి తినేస్తుంది, మేకలు చుట్టుముట్టి దాన్ని కదలకుండా కట్టేస్తాయి. ఇద్దరూ పూర్తి బలంతోనే ఆడతారు. తేడా ఎంతో ఆట మొదలుకాక ముందే అందరికీ తెలుసు. ఆదివారం ఆటకు కూడా అదే దారి పట్టాం.

పదిమందిని నేర్పును బట్టి 1 నుంచి 10 దాకా వరస వేస్తాం. 1, 4, 5, 8, 9 ఒక జట్టు. 2, 3, 6, 7, 10 ఇంకో జట్టు. కూడి చూస్తే 27, 28. కెప్టెన్లు పిలుచుకునే పద్ధతి ఉండదు, చివర మిగిలినవాడి మొహం నేను చూడలేను. ర్యాంక్ గోల్డ్, ఆపైన ఉన్నవాళ్లంతా పాతవాళ్లే. వాళ్లకు క్లాసిక్ లేదా ఘోస్ట్ అనే పిస్టల్, లైట్ షీల్డ్ అనే తేలిక కవచం. ఇంతకు మించి ఏమీ కొనకూడదు, కింద పడినది తీసుకోకూడదు. ఎబిలిటీలు (పాత్రల ప్రత్యేక శక్తులు) మాత్రం అన్నీ వాడుకోవచ్చు.

షెరిఫ్ కూడా పిస్టలే కదా అని మీరు అడుగుతారు, ఇప్పటికే ముగ్గురు అడిగారు. షెరిఫ్ 30 మీటర్ల లోపు తలకు తగిలితే 159 ప్రాణం పోతుంది. హెవీ షీల్డ్ (బరువు కవచం) వేసుకున్నవాడి ప్రాణం మొత్తం కలిపి 150. మీ చేతిలో షెరిఫ్ ఉంటే రైఫిల్ ఉన్నట్టే లెక్క. ఘోస్ట్ అదే దూరంలో 105, అంటే హెవీ షీల్డ్ ఉన్న కొత్తవాడి తలకు రెండు తగలాలి. మొదటిది తగిలాక వాడికి తిరిగి చూసే అవకాశం దొరుకుతుంది. ఈ నియమం మొత్తం ఆ అవకాశం కోసమే. వాడి దగ్గర వాండల్ ఉంటే మీ తలకు ఒక్కటి చాలు, ఎంత దూరమైనా 160. మీరు ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడాల్సిందే.

రెండు సగాలూ మొదలయ్యే 1వ రౌండ్లో, 13వ రౌండ్లో అందరికీ 800 క్రెడిట్లే (ఆటలో తుపాకులు కొనే డబ్బు) కాబట్టి ఈ తేడా పనిచేయదు. ఆ రెండు రౌండ్లలో పాతవాళ్లు షీల్డ్ లేకుండా క్లాసిక్‌తోనే దిగాలి. రైఫిల్ కొనరు కాబట్టి మీ దగ్గర డబ్బు 9000 దాకా పేరుకుపోతుంది. దాంతో మీ జట్టులో కొత్తవాడికి 2900 పెట్టి వాండల్ కొనిపెట్టండి. వాడు చస్తే మళ్లీ కొనిపెట్టండి. తుపాకుల్ని ఆటే ఆపే సదుపాయం లేదు, కాబట్టి స్కోర్‌బోర్డులో చూసి పట్టుకుంటాం. దొరికితే తర్వాతి రౌండ్ క్లాసిక్ ఒక్కటే. సగం ఆటకు 9–3, అంతకంటే ఎక్కువ తేడా ఉంటే ఆపేసి, ఇద్దర్ని అటూ ఇటూ మార్చి ఆట మళ్లీ కొత్తగా పెడతాం.

చంపాక మాట్లాడొచ్చు, ఒక్క ముక్క మాత్రమే. "నడుస్తూ కాల్చావు, ఆగి కాల్చు." "గురి నేల మీద ఉంది, తల ఎత్తులో పెట్టు." రెండో ముక్క తర్వాతి రౌండుకు దాచుకోండి. "నూబ్" అనే మాట విన్నానంటే ఆ రోజుకు సీటు ఖాళీ చేయిస్తా, ఎన్నేళ్ల కస్టమరైనా సరే. కొత్తవాళ్లు సేజ్, బ్రిమ్‌స్టోన్ అనే పాత్రల్లో ఒకదానితో మొదలుపెట్టండి. రెండూ మొదటి నుంచే చేతిలో ఉంటాయి, గురి కుదరకపోయినా జట్టుకు పనికొస్తారు.

ఇద్దరు తలపడే ఫైటింగ్ ఆట టెక్కెన్లో లెక్క ఇంకా సులువు. పాతవాడు 3 రౌండ్లు గెలవాలి, కొత్తవాడికి 1 చాలు. అయిదు రౌండ్లలో ఒకటి గెలవగలిగే కొత్తవాడికి ఇలా ఆడితే ఆట గెలిచే అవకాశం 49 శాతం దగ్గరికి వస్తుంది, దాదాపు సగానికి సగం. పదింట్లో ఒకటే గెలిచేవాడికి 27. వాడికి పాతవాడు 5 గెలవాలని పెడితే 41 అవుతుంది. ఇక ఫుట్‌బాల్ గేమ్‌లో కొత్తవాడికి ఒక గోల్ ముందే ఇచ్చినట్టు లెక్క వేస్తాం. రెండు ఇస్తే కొత్తవాడు బంతిని వెనక్కి వెనక్కి తిప్పుకుంటూ కాలం గడిపేస్తాడు, చూసేవాళ్లకు నిద్రొస్తుంది.

ర్యాంక్ ఆటకు ఇవేవీ వర్తించవు. అక్కడ పూర్తిగా ఆడండి. కొత్తవాడి అకౌంట్లో మీరు కూర్చుని ర్యాంక్ పెంచి ఇవ్వడం, రెండో అకౌంట్‌తో కింది ర్యాంకుల్లోకి దిగి పిలకాయల్ని ఏరుకుని కొట్టడం మన సీట్లలో జరగవు. నేను చూసుకోనని అనుకుంటున్నవాళ్లకు చెప్తున్నా, చూసుకుంటున్నా.

రేట్లు మారలేదు. 1 నుంచి 8 సీట్లు గంటకు 60, మిగతావి 50. ఓడినవాడు కట్టే పద్ధతి పోతే ఆదివారం గల్లా తగ్గుతుందని లెక్క వేసుకునే ఈ పని చేశా. ఇద్దరు పాతవాళ్లు మినీ బైపాస్ వైపు వేరే సెంటర్‌కు పోతామన్నారు. పోండి, అక్కడ షెరిఫ్ కొనుక్కోవచ్చు. వాళ్ల అడ్వాన్సులో ఇంకా 7 గంటలు మిగిలి ఉన్నాయి. డబ్బు కవర్లో పెట్టి కౌంటర్లో ఉంచా, వచ్చి తీసుకుపోవచ్చు, లేదంటే వచ్చి ఆడుకోవచ్చు.

ఆదివారం ఆట సాయంత్రం 5 గంటలకు. పేర్లు శనివారం రాత్రి 9 లోపు ఇవ్వాలి, వరస వేయడానికి నాకు టైం కావాలి. కొత్త మౌస్‌ల అడుగున పచ్చ రంగు చుక్క ఉంటుంది. 9 నుంచి 16 దాకా ఏ సీట్లోనైనా చుక్క లేని మౌస్ కనిపిస్తే వెంటనే చెప్పండి, ఆ గంట డబ్బు తీసుకోను.