కోటు కొనేటప్పుడు భుజం చూసుకో

యలమంచిలి,
డిసెంబరు 4

అమ్మలూ,

దేవుని దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. నిన్న రాత్రి ఢిల్లీ నుంచి ఫోనులో "హాస్టల్లో ఆ సీక్రెట్ శాంటా ఆటలో నేను ఉండనని చెప్పేస్తానమ్మా" అన్నావు చూడు, అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు. షాపులో మిషన్ల చప్పుడు, ముందు ఇద్దరు కొలతలకి నిలబడి ఉన్నారు, నీతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. డిసెంబరు సంగతి నీకు తెలుసు కదా. క్రిస్మస్ గౌన్లు, జాకెట్లు పూర్తయ్యేలోపే సంక్రాంతి బట్టలు వచ్చి పడతాయి. అందుకే నాన్న, తమ్ముడు పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను.

చీటీలో ఎవరి పేరు వస్తే వాళ్లకి గుట్టుగా గిఫ్టు ఇవ్వడమే కదా, నువ్వు ఆ ఆటలో ఉండాలి. మంచి బట్టలు వేసుకుని చక్కగా తయారవ్వాలి కూడా. ఇల్లు వదిలి వెళ్లాక ఇదే నీకు మొదటి క్రిస్మస్. డబ్బులు తక్కువని దాన్ని గదిలో తలుపేసుకుని గడపడం నాకు ఇష్టం లేదు. ఉన్న డబ్బులోనే ఎలా చెయ్యాలో చెప్తాను, విను.

ముందు బట్టలు. అందరూ పొడవాటి కోట్లలో తిరుగుతుంటే నువ్వొక్కదానివే పాత స్వెట్టర్లో ఉన్నానన్నావు. కోటు కొనుక్కో. నాన్న సోమవారం డబ్బు వేస్తారు. కొత్తదే కావాలని పట్టుబట్టకు. సరోజినీ నగర్లో ఎక్స్‌పోర్టు సరుకులో మిగిలినవి దొరుకుతాయి, కశ్మీరీ గేటు దగ్గర మొనాస్టరీ మార్కెట్లో చలిబట్టలు ఉంటాయి. రెండూ చూసి, రెండో రోజు కొను. వెళ్లిన రోజే కొంటే ధర తెలియదు.

కోటు చేతిలోకి తీసుకోగానే నువ్వు రంగు చూస్తావని నాకు తెలుసు. రంగు తర్వాత, ముందు భుజం చూడు. లోపల స్వెట్టర్ ఉంచుకునే వేసుకో. చెయ్యి మొదలయ్యే కుట్టు సరిగ్గా నీ భుజం ఎముక చివర దిగాలి. ఇంకా కిందికి జారితే కోటు వేసుకున్నట్టు కాదు, కోటుని మోస్తున్నట్టు ఉంటుంది. చేతులు పొడవైతే ఏ టైలరైనా తగ్గిస్తాడు. పక్కలు లోపలికి పట్టొచ్చు, లైనింగు చిరిగితే కొత్తది వేయించొచ్చు, గుండీలు మార్చితే పాత కోటుకి కొత్త కళ వస్తుంది. భుజం అలా కాదు. చేతులు ఊడదీసి, కాలరు దాకా విప్పి, మళ్లీ కట్టుకుంటూ రావాలి. ఆ కూలితో ఇంకో కోటు వస్తుంది. కాబట్టి భుజం కుదరకపోతే ఎంత చవకైనా వదిలేసి రా. కుదిరితే చంకల కింద కుట్లు, జేబు మూలలు చూసి, ఎండకి ఎత్తి పట్టుకుని చూడు. పురుగు కొట్టిన సన్న చిల్లులు అప్పుడే కనబడతాయి.

అక్కడ అన్నిటినీ ప్యూర్ ఊల్ అనే అమ్ముతారు. లోపలి కుట్టు దగ్గర వేలాడే పోగు ఒకటి అడిగి తీసుకుని బయటికొచ్చి కాల్చి చూడు. నిజం ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, మసిని వేళ్ల మధ్య నలిపితే పొడైపోతుంది. అక్రిలిక్ అయితే కరిగి గట్టిగా ఉండ కడుతుంది. అక్రిలిక్ కొనుక్కోవడం తప్పేం కాదు. ఉతకడం తేలిక, హాస్టల్ పిల్లలకి అదే సుఖం. ఉన్ని ధర పెట్టి అక్రిలిక్ తెచ్చుకోవద్దంటున్నా, అంతే. ఒంటికి దగ్గరగా ఒక్కటైనా ఉన్నిది ఉంచుకో. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా తడిగా అనిపించదు. పొగమంచులో పొద్దున్నే క్లాసుకి నడిచేదానివి, నీకు పనికొస్తుంది. దాన్ని వేడినీళ్లలో ముంచకు, పిండకు, తాడుకి వేలాడదియ్యకు. తువ్వాలు మీద పరిచి ఆరబెట్టు. వేసవిలో పెట్టెలో పెట్టేటప్పుడు శుభ్రంగా ఉతికి, కలరా ఉండలు గుడ్డలో మూటకట్టి వెయ్యి.

జనవరి వస్తే అక్కడ రాత్రిళ్లు 4, 5 డిగ్రీలకి దిగుతుంది. ఒక్క లావు స్వెట్టర్ కంటే మూడు పల్చటివి మేలు, వాటి మధ్య నిలిచే గాలే వెచ్చగా ఉంచుతుంది. థర్మల్ బనీను మీద నీ మంగళగిరి కుర్తా వేసుకో, దాని మీద స్వెట్టర్, బయటికి వెళ్తే కోటు. కుర్తాలు చలికాలానికి పనికిరావని పెట్టె అడుగున పడేశావు, తియ్యి వాటిని. అక్కడ వీధంతా నలుపు, బూడిద రంగేనన్నావు. అందులో ఆ పసుపుపచ్చ కుర్తా ఎంత బాగుంటుందో! నీ రంగుకి అది చిన్నప్పట్నుంచీ నప్పుతుంది.

నీకోసం చేతుల్లేని జాకెట్ ఒకటి కుట్టాను. అమ్మమ్మ పాత నేత చీరలతో బొంత కుట్టేది కదా, అదే పద్ధతి. పైన కలంకారీ, లోపల అమ్మమ్మ వంకాయరంగు చీర, మధ్యలో పల్చగా దూది. దూది ఒకచోటికి జారకుండా పొడుగునా రెండు వేళ్ల ఎడంలో చేత్తోనే కుట్లు వేశాను. మిషను మీద వేస్తే గట్టిగా లాగేసి దూది అణిగిపోతుంది, వెచ్చదనం పోతుంది. అంచుకి ఎర్ర పైపింగ్. జేబులు లోతుగా పెట్టాను, ఫోను, చేతులు రెండూ పడతాయి. దీని మీద కోటు వేసి దాచెయ్యకు. ఎండ ఉన్న రోజు ఇదొక్కటే వేసుకుని కాలేజీకి వెళ్లు, ఒక ఫోటో పంపు.

ఇక గిఫ్టు. చీటీలో నీకు కేరళ అమ్మాయి పేరు వచ్చిందన్నావు. మూడొందలు దాటకూడదని పెట్టుకుని కూడా కొందరు వెయ్యి, రెండు వేలవి కొంటున్నారని నీకు టెన్షన్. వాళ్ల సంగతి మనకెందుకమ్మా! అనుకున్న మాట మీద నువ్వుండు. ఎక్కువ పెట్టి కొన్నది పుచ్చుకున్న పిల్లకి సంతోషం కంటే ఇబ్బందే ఎక్కువ. తిరిగి అంతది ఇవ్వాలేమోనని లోపల లెక్క మొదలవుతుంది. మన సండే స్కూల్లో సెయింట్ నికొలస్ కథ చెప్పేవారు, గుర్తుందా? నాలుగో శతాబ్దంలో ఇప్పటి టర్కీలో ఉన్న మైరా ఊరికి బిషప్ ఆయన. కట్నం లేక పెళ్లికాని ముగ్గురు అక్కచెల్లెళ్ల ఇంట్లోకి రాత్రిపూట బంగారం మూటలు విసిరి, ఎవరిచ్చారో తెలియకుండా వెళ్లిపోయాడని చెప్తారు. ఈ శాంటా ఆయన పేరు మీద పుట్టినవాడే. గుట్టుగా ఇవ్వడం ఎందుకంటే పుచ్చుకునేవాళ్లు తలదించుకోకూడదని. మీ ఆటలో నాకు నచ్చిందీ అదే.

ఆ అమ్మాయి రాత్రిళ్లు టైపు చేస్తుంటే వేళ్లు కొంకర్లు పోతున్నాయంటుందని నువ్వే చెప్పావు. గిఫ్టు నీ నోటితోనే వచ్చేసింది! వేళ్లు బయటికి ఉండే చేతి తొడుగులు చెయ్యి. మార్కెట్లో మెత్తటి పాత స్వెట్టర్ ఒకటి తీసుకో. ఒళ్లు చిరిగినా పర్లేదు, చేతులు బాగుంటే చాలు. ఉతికి ఆరాక, స్వెట్టర్ చేతులని ఒక్కొక్కటిగా బిగువు అంచు వైపు నుంచి ఎనిమిది అంగుళాలు కొలిచి కత్తిరించు. బిగువు అంచు వేళ్ల వైపు వస్తుంది, కత్తిరించిన వైపు మోచేతి వైపుకి పోతుంది. చేతి కింద పొడుగునా కుట్టు ఉంటుంది చూడు. అంచు నుంచి ఒకటిన్నర అంగుళం వదిలి, అక్కడ ఇంకో ఒకటిన్నర అంగుళం కుట్టు విప్పు. బొటనవేలికి దారి అదే. విప్పినచోట రెండు కొసలూ నాలుగైదు సార్లు గట్టిగా కుట్టి ముడెయ్యి, లేకపోతే వాడుతున్నకొద్దీ సాగిపోతుంది. కత్తిరించిన అంచుని కత్తిరించిన వెంటనే లోపలికి మడిచి హెమ్మింగ్ చెయ్యి. ఆలస్యం చేస్తే అల్లిక ఊడిపోతుంది. దారం వేరే రంగుది వాడు, చేత్తో చేశావని తెలియాలి. మొదటిది నీ చేతికి తొడిగి చూసుకున్నాకే రెండోది కత్తిరించు. మిగిలిన డబ్బుతో మంచి టీ పొడి ప్యాకెట్ కొని తొడుగుల్లో పెట్టు.

గదికి స్టారు కట్టమని తమ్ముడు చెప్పమన్నాడు. నాన్న వెదురు బద్దలతో కట్టేది అక్కడ కుదరదు. కొబ్బరి చీపురు పుల్లలు చాలు. అయిదు పుల్లలతో ఒక స్టారు, అలాంటివి రెండు. పుల్ల మీద పుల్ల దాటే చోటల్లా దారంతో కట్టి, రెండిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, అయిదు కొనలూ కలిపి కట్టెయ్యి. లోపల పుల్లలు దాటే అయిదు చోట్లా మూడేసి అంగుళాల ముక్కలు నిలబెడితే స్టారు ఉబ్బుతుంది. రంగు కాగితం మైదా జిగురుతో అంటించు. బల్బు మాత్రం వద్దు, కాగితానికి వేడి తగులుతుంది. చిన్న ఎల్ఈడీ లైట్ల తీగ పెట్టుకో. జర్మనీలో 1830ల ప్రాంతంలో మొరావియన్ క్రైస్తవుల బడిలో ఇలాంటి కాగితపు స్టార్లు పిల్లలకి జామెట్రీ నేర్పడానికి చేయించేవారట, మన పాస్టరుగారు చెప్పారు. లెక్కల పిల్లవి, నువ్వు ఇరవై అయిదు మొనలది కూడా చెయ్యగలవు. కిందటేడు మీద ఈసారి మనింటి స్టారు పెద్దది, నాన్న ఇప్పటికే బద్దలు చీరి పెట్టారు.

పార్సిల్‌లో జాకెట్‌తో పాటు గులాబీ పువ్వులు, జంతికలు పెట్టాను. డబ్బాలో సగం మీ గదిలో ఉండే హిమాచల్ అమ్మాయికి. ఏటికొప్పాక బొమ్మలు నాలుగు తెప్పించాను, వార్డెన్‌ గారికి ఒకటి, తక్కినవి నీ ఇష్టం. ఎవరైనా అడిగితే చెప్పు, అంకుడు కర్రని తరిణి మీద తిప్పుతూ లక్క అదిమితే ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టుకుంటుందని. పసుపు రంగు పసుపు నుంచి, నీలం నీలిమందు నుంచి వస్తాయి. 2017లో ఆ బొమ్మలకి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే గుర్తింపు వచ్చింది. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్రం శకటం మీద ఢిల్లీలోనే ఊరేగాయి.

క్రిస్మస్ రాత్రి గోల్ డాక్‌ఖానా దగ్గరి సేక్రెడ్ హార్ట్ కెథెడ్రల్‌కి వెళ్తానన్నావు. నలుగురితో కలిసి వెళ్లు, జనం బాగా ఉంటారు. పాదాలకి ఉన్ని సాక్సులు వేసుకో. కొబ్బరినూనె గడ్డ కడితే సీసాని గోరువెచ్చటి నీళ్లలో పెట్టు.

ఆ కేరళ అమ్మాయి అరచెయ్యి నీ చేతికంటే పెద్దదో చిన్నదో చూసి చెప్పు, ఎనిమిది అంగుళాలు సరిపోతాయో లేదో చూద్దాం. కోటు కూడా కొనేముందు షాపులోంచే వీడియో కాల్ చెయ్యి. ఆదివారం గుడి నుంచి పదకొండింటికల్లా వచ్చేస్తాను.

ప్రేమతో,
అమ్మ