ముందు ఊపిరి వదలరా

ఒరేయ్,

నీ ఉత్తరం నిన్న రాత్రి చదివాను, పొద్దున లేచి మళ్ళీ చదివాను. మీటింగ్‌లో నీ వంతు వచ్చేసరికి గుండె దడదడలాడటం, గొంతు తడారిపోవడం, క్షుణ్ణంగా తెలిసిన విషయమే అయినా నోట మాట రాకపోవడం, ఇంటికొచ్చాక "నాలో ఆత్మవిశ్వాసమే లేదు" అని నిన్ను నువ్వే తిట్టుకోవడం... అన్నీ దాచకుండా రాశావు. అందులో ఆ చివరి మాట ఒక్కటే నాకు నచ్చలేదు. గుండె దడనీ, ఆత్మవిశ్వాసం లేకపోవడాన్నీ ఒకే గాటన కట్టేస్తున్నావు. దడ ఒంటికి సంబంధించిన సంగతి. దాన్ని చూసి నీ గురించి నువ్వు చెప్పుకునే తీర్పు వేరే సంగతి. ఆ రెంటినీ విడదీయడానికే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు ఒక పని చెయ్యి. ఉత్తరం పక్కన పెట్టి, ఎడమ మణికట్టు మీద బొటనవేలి వైపు కుడిచేతి రెండు వేళ్ళు ఆనించు. నాడి దొరికిందా? గట్టిగా నొక్కితే తెలియదు, ఊరికే ఆనించాలి. ఇప్పుడు ముక్కుతో నెమ్మదిగా ఊపిరి పీల్చు, అంతకంటే నెమ్మదిగా వదులు. నాలుగైదు సార్లు అయ్యాక వేళ్ళ కింద ఏం జరుగుతోందో చూడు. పీలుస్తున్నప్పుడు నాడి కాస్త వడిగా కొట్టుకుంటుంది. వదులుతున్నప్పుడు దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం పెరుగుతుంది. కొందరికి స్పష్టంగా తెలుస్తుంది, కొందరికి లీలగా. వయసు పైబడే కొద్దీ ఈ తేడా తగ్గుతుంది కూడా. కానీ తెలిసిన క్షణంలో భలే ఉంటుందిరా. గుండె మన మాట వినదనుకుంటాం కదా, ఊపిరితో చెబితే వింటుంది.

ఈ హెచ్చుతగ్గుల్ని 1847లోనే కార్ల్ లుడ్విగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త గమనించి నమోదు చేశాడు. దీని వెనక ప్రధానంగా పనిచేసేది వేగస్ నరం. మెదడు అడుగున మొదలై, మెడలోంచి దిగి, గుండెకీ ఊపిరితిత్తులకీ పొట్టకీ పోతుంది. గుండెకి అదే బ్రేకు అనుకో. ఊపిరి పీల్చేటప్పుడు బ్రేకు కాస్త సడలుతుంది, వదిలేటప్పుడు పడుతుంది. 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త కప్ప గుండెకున్న ఈ నరాన్ని ప్రేరేపించి, ఆ గుండెలోని ద్రవాన్ని ఇంకో గుండెకి అందిస్తే, ఏ నరమూ ముట్టని ఆ రెండో గుండె కూడా నెమ్మదించింది. నరం ఒక రసాయనాన్ని వదులుతోందని అలా తేలింది. ఇదే విషయం మీద పనిచేసిన హెన్రీ డేల్‌తో కలిపి 1936లో ఆయనకి నోబెల్ ఇచ్చారు. నీకు ఇలాంటివి ఇష్టమని చెప్తున్నా. అయినా నీకు కావలసిన ముక్క ఒక్కటే: నెమ్మది వచ్చేది ఊపిరి వదలడంలో.

కంగారుగా ఉన్నవాణ్ణి చూసి అందరూ "గట్టిగా ఊపిరి పీల్చుకో" అంటారు. మంచి మనసుతోనే అంటారు గానీ, ఆ సలహా చాలాసార్లు ఎదురు తిరుగుతుంది. టెన్షన్‌లో ఉన్నప్పుడు మనం ఎలాగూ పైపైన, గబగబా పీలుస్తూనే ఉంటాం. దానికి తోడు ఇంకా గట్టిగా, ఇంకా తొందరగా పీలిస్తే ఒంట్లోంచి కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటికి పోతుంది. అది తగ్గితే మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళాలు కుంచించుకుంటాయి. తల తేలిపోతున్నట్టు ఉంటుంది, వేళ్ళ చివర్లు, పెదాల చుట్టూ తిమ్మిరెక్కుతుంది, ఊపిరి అందడం లేదనిపిస్తుంది. ఆ అనుమానంతో ఇంకా పీలుస్తాం. నువ్వు రాశావే, "కళ్ళు తిరిగినట్టయింది, ఇక అయిపోయిందనుకున్నా" అని, నాకు తెలిసి జరిగింది ఇదే. అక్కడ నీకు తక్కువైంది గాలి కాదురా, వదలడం.

అందుకని రోజూ చెయ్యమని నేను చెప్పేది చాలా చిన్న పని. నడుము నిటారుగా, భుజాలు వదులుగా కూర్చో. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకో. మొదట లోపల ఉన్న గాలి మెల్లగా వదిలెయ్, మొదలు అక్కడినుంచే. తర్వాత ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంత సేపు పీల్చు, చెయ్యి ముందుకి కదలాలి, భుజాలు పైకి లేవకూడదు. ఆరు లెక్కపెట్టేంత సేపు వదులు. లెక్కకో సెకను చొప్పున మొత్తం పది సెకన్లు, అంటే నిమిషానికి ఆరు ఊపిరులు. మామూలుగా పెద్దవాళ్ళు ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు పీలుస్తారు. మొదట్లో నాలుగు, ఆరు కష్టమనిపిస్తే మూడు, నాలుగు చాలు. పూరకం, రేచకం, అంటే పీల్చడం, వదలడం రెండే చెయ్యి, కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం జోలికి ఇప్పుడు పోకు. బిగబట్టడం దగ్గరే చాలామందికి మళ్ళీ కంగారు మొదలవుతుంది.

వదిలే ఊపిరిలో చివరి భాగం మీద కాస్త శ్రద్ధ పెట్టు. నాలుగో లెక్క దాకా సాఫీగా పోతుంది. ఐదు దగ్గర పొట్ట బిగుసుకోవాలని చూస్తుంది, "ఇక చాలు, పీల్చు" అని లోపల్నుంచి ఎవరో తొందరపెట్టినట్టుంటుంది. అక్కడ గాలిని బలవంతంగా నెట్టకు, నెడితే గొంతు బిగుస్తుంది. దాన్నంతట దాన్ని పోనివ్వు. ఆ తొందర వచ్చినా, దానికి వెంటనే లొంగకుండా ఒక్క లెక్క ఆగగలిగావంటే, మీటింగ్‌లో నీకు కావలసిన విద్య అదే. నా దృష్టిలో ఈ సాధన మొత్తంలో విలువైనది ఆ ఒక్క సెకనే.

నిమిషానికి ఆరు అన్నది ఎవరో గాలిలోంచి తెచ్చిన అంకె కాదు. ఆ వేగం దగ్గర చాలామందిలో ఊపిరి లయ, గుండె లయ, రక్తపోటులో సహజంగా వచ్చే హెచ్చుతగ్గులు, మూడూ ఒకదానితో ఒకటి కలుస్తాయి. 2001లో ఇటలీకి చెందిన లుచియానో బెర్నార్డి బృందం, కొంతమంది చేత లాటిన్‌లో క్రైస్తవుల జపమాల ప్రార్థన ఒకసారి, బౌద్ధుల 'ఓం మణి పద్మే' మంత్రం ఒకసారి చెప్పించి చూస్తే, రెండిట్లోనూ ఊపిరి దాదాపు నిమిషానికి ఆరుకే దిగింది. ఎక్కడెక్కడి ప్రార్థనలో, ఒకే లయ పట్టుకున్నాయన్నమాట. ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

ఎంతసేపు అంటావా, ఐదు నిమిషాలు. 2023లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు రోజుకి ఐదు నిమిషాల చొప్పున నెల రోజులపాటు కొన్ని రకాల శ్వాస సాధనల్నీ, ధ్యానాన్నీ పోల్చి చూశారు. ఆందోళన అన్నిట్లోనూ తగ్గింది. మనసు తేలికపడటంలో మాత్రం, రెండు విడతలుగా పీల్చి నిట్టూర్పులాగా పొడుగ్గా వదిలే పద్ధతికి మంచి ఫలితం వచ్చింది. అందులోనూ చూడు, పొడుగుగా ఉండేది వదలడమే.

ఇక నువ్వు అసలు అడిగిన ఆత్మవిశ్వాసం. ఊపిరి నిన్ను ధైర్యవంతుణ్ణి చేసేస్తుందని నేను చెప్పను. సబ్జెక్టు తయారుచేసుకోకుండా ఎంత ఊపిరి వదిలినా లాభం లేదు. కానీ ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త 1977లో చెప్పిన సంగతి ఒకటి నీకు పనికొస్తుంది. "ఇది నేను చేయగలను" అన్న నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందంటాడు. అన్నిటికంటే బలమైనది, మనం స్వయంగా చేసి గెలిచిన అనుభవం. తర్వాత, మనలాంటివాళ్ళు చేస్తుంటే చూడటం, ఇతరులు చెప్పే ధైర్యం, చివరికి మన ఒంట్లో ఏం జరుగుతోందో దాన్ని మనం ఎలా అర్థం చేసుకుంటామన్నది. నువ్వు ఇన్నాళ్ళూ ఆ చివరి దారిలోనే దెబ్బ తింటున్నావు. దడ పుట్టగానే "చూశావా, నా వల్ల కాదు" అని చదువుకుంటున్నావు. అదే దడని "ఒళ్ళు సిద్ధమవుతోంది, నెమ్మదింపజేయడం నాకు తెలుసు" అని చదవడం ఊపిరి నేర్పుతుంది. మొదటి దారికీ ఇది పనికొస్తుంది. రోజూ ఐదు నిమిషాలు కూర్చుంటానని నీకు నువ్వు చెప్పుకుని కూర్చున్నావంటే, చిన్నదే గానీ అది నువ్వు నిలబెట్టుకున్న మాట. అలాంటివి పోగుపడాలి. ఊరికే అద్దం ముందు నిలబడి "నేను చేయగలను" అని పదిసార్లు అనుకోవడం కంటే నాకు దీని మీదే గురి ఎక్కువ.

ఈ సాధన ఏ టెన్షనూ లేని వేళలోనే చెయ్యి. కష్టం వచ్చినప్పుడే తీసి వాడదామంటే ఒళ్ళు వినదు, ముందు అలవాటు పడి ఉండాలి. ఊపిరి మీద దృష్టి పెడితేనే గాభరా పెరిగితే కళ్ళు తెరిచి, ఎదురుగా ఉన్న ఏదో ఒక వస్తువుని చూస్తూ చెయ్యి. తల తిరిగితే ఆపేసి మామూలుగా పీల్చు. ఛాతీలో నొప్పి ఉన్నా, ఆయాసం ఉన్నా, ఈ గాభరా మాటిమాటికీ వస్తున్నా డాక్టర్‌కి చూపించుకో, దీంతో సరిపెట్టుకోకు.

వచ్చే మీటింగ్‌లో ఇలా చెయ్యి. నీ ముందువాళ్ళు మాట్లాడుతున్నప్పుడు మనసులో రిహార్సల్ వేసుకోకు, పాదాలు రెండూ నేలకి ఆనించి, నోరు మూసుకుని నాలుగు, ఆరు లెక్కలో మూడు ఊపిరులు తీసుకో. ఎవరికీ తెలియదు. నీ పేరు పిలవగానే గబుక్కున మొదలెట్టకు. లోపల బిగబట్టిన గాలి ముందు వదిలెయ్, మళ్ళీ హాయిగా పీల్చి అప్పుడు మాట్లాడు. మాట అనేదే వదిలే ఊపిరి మీద వస్తుంది కదా, ఛాతీలో పట్టి ఉంచిన గాలితో మొదలెడితే గొంతు వణకక ఏం చేస్తుంది? మొదటి వాక్యం పొట్టిగా పెట్టుకో, ఒక్క ఊపిరిలో అయిపోయేటట్టు. దాన్ని ఇప్పుడే రాసిపెట్టుకుని, రోజూ ఐదు నిమిషాలు అయ్యాక ఒకసారి పైకి చదువు.

మీటింగ్ అయ్యాక ఉత్తరం రాయి. బాగా జరిగినా సరే, జరగకపోయినా సరే, ఆ మొదటి వాక్యం ఎలా పలికిందో మాత్రం తప్పకుండా రాయాలి.

నీ నేస్తం