బూడిద ఖర్చు ఏ ఖాతాలో రాయాలి?

సంపాదకుడు గారికి నమస్కారాలు.

పర్యావరణం పట్టించుకునే వ్యాపారవేత్తలకు ఉండాల్సిన లక్షణాలంటూ మొన్న ఆదివారం మీ బిజినెస్ పేజీలో వేసిన వ్యాసం చదివాను. ముందుచూపు, ధైర్యం, పట్టుదల, కొత్త ఆలోచన... ఇవన్నీ మా ఊరి సిద్ధాంతిగారు ఎవరి జాతకంలోనైనా రాసిచ్చేవే. నేను మండపేట చుట్టుపక్కల ఉప్పుడు బియ్యం మిల్లుల్లో 31 ఏళ్లు గుమస్తాగా చేసి మానేశాను. యజమాని ఎలాంటివాడో అతని ఉపన్యాసం కన్నా పద్దుల పుస్తకంలో బాగా తెలుస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

మిల్లు లోపల చూడనివారి కోసం నాలుగు ముక్కలు. ధాన్యాన్ని వేడినీళ్లలో నానబెట్టి, ఆవిరి పట్టించి, ఆరబెట్టి ఆడితే ఉప్పుడు బియ్యం. క్వింటా ధాన్యానికి 20 కేజీల దాకా ఊక వస్తుంది. ఆ ఊకే బాయిలర్లో మండుతుంది, మండాక నాలుగు కేజీల బూడిద మిగులుతుంది. నానబెట్టిన నీళ్లు పసుపుపచ్చగా, పులిసిన కంపు కొడుతూ బయటికొస్తాయి. వాటిని అలాగే మురుగు కాలువలోకి వదిలితే నీళ్లలో ప్రాణవాయువు పడిపోయి చేపలు తెల్లారేసరికి వెల్లకిలా తేలతాయి. బియ్యం, నూక, తవుడు అమ్ముడుపోతాయి. ఆ నీళ్లూ బూడిదా మాత్రం ఎవరికీ అక్కర్లేదు. యజమాని గుణం బయటపడేది అక్కడే.

నా మొదటి యజమాని పర్యావరణం అనే మాట అన్నట్టు నాకు గుర్తులేదు. పిసినారి అని పేరు, అది నిజం కూడా. కవర్లు తిరగేసి వాటి మీద లెక్కలు వేయించేవాడు. ఒక డిసెంబరు ఉదయం మా వెనక వీధి ఆవిడ తడి దుప్పటి ఒకటి తెచ్చి ఆయన బల్ల మీద పరిచింది. తెల్ల దుప్పటి నిండా నల్లటి నలుసులు. "ఇది మీ బూడిదేనండి. మీరే ఉతికించుకోండి" అంది. నేను ఆవిణ్ణి బయటికి పంపుదామని లేచాను. ఆయన నన్ను కూర్చోమని చెప్పి, దుప్పటి మీద వేలు రాసి చూసుకున్నాడు. ఇంకెన్ని ఇళ్ల మీద పడుతోందని అడిగాడు. ఆ సాయంత్రం ఆవిడతో కలిసి వీధంతా తిరిగొచ్చాడు.

సంక్రాంతి వెళ్లాక పొగగొట్టానికి సైక్లోన్ అనే బూడిద పట్టే యంత్రం పెట్టించాడు. ఆ ఏడు మాకు బోనస్ తగ్గింది, నేను లోపల తిట్టుకున్నాను కూడా. ఈ ఖర్చు ధర్మ ఖాతాలో రాయమంటారా, రిపేర్లలోనా అని అడిగాను. ధర్మం ఏమిటయ్యా, అది బియ్యం ఖర్చు, బియ్యం కిందే రాయి అన్నాడు. తర్వాత బూడిద ఇటుక బట్టీలకి పోయేది. లారీ బాడుగ పోను పెద్దగా మిగిలేది కాదు, అయినా గట్టు మీద పోయనివ్వలేదు.

రెండో మిల్లు సంగతి వేరు. అక్కడ నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు మా మొదటి మిల్లు పెద్దాయన కలలో కూడా కొనలేనంత పెద్దది. కానీ కరెంటు బిల్లు నా చేతి మీదుగా వెళ్లేది కదా. తనిఖీకి వస్తున్నారని తెలిసిన నెలలో పెరిగేది, మిగతా నెలల్లో మామూలే. జూన్ 5, పర్యావరణ దినం వస్తే మొక్కల బిల్లు, ఫెన్సింగు బిల్లు, ఫొటోగ్రాఫర్ బిల్లు వచ్చేవి. నీళ్లు పోసిన మనిషికి కూలి ఇచ్చిన పద్దు ఒక్కటి నేను రాయలేదు. నేనూ నోరెత్తలేదు. అక్కడ చెడు కబురు మోసుకెళ్లినవాడి సీటు మారిపోయేది, నాకేమో పెళ్లి కావలసిన కూతురు.

ఎంబీయే చదివిన ఆ కూతురే నాకు రే ఆండర్సన్ గురించి చెప్పింది. అమెరికాలో తివాచీలు చేసే ఇంటర్‌ఫేస్ కంపెనీ పెట్టినాయన. పర్యావరణం కోసం మీరేం చేస్తున్నారని 1994లో కొనేవాళ్లు అడిగితే ఆయన దగ్గర జవాబు లేదట. అప్పటికి అరవై ఏళ్లు. చదువుకుని, తన వ్యాపారమే తప్పుదారిలో ఉందని పదిమందిలో ఒప్పుకున్నాడు. 2020 నాటికి ప్రకృతికి కీడు సున్నా చేయాలని గడువు పెట్టాడు. తివాచీలాయన ముందు ప్రశ్న, మా పెద్దాయన ముందు దుప్పటి. ఇద్దరూ అవతలి మనిషిని గేటు దాకా సాగనంపలేదు. సబ్బులు చేసే యూనిలీవర్ కంపెనీకి పెద్దగా పాల్ పోల్మన్ అనే ఆయన వస్తూనే, దూరం చూడాలని, మూడు నెలలకోసారి లాభం ఇంత అని ముందే చెప్పే అలవాటు ఆపేశాడట, 2009లో. మా మిల్లుల్లో చూపు సార్వా పంట దాటితే దాళ్వా పంట, అంతే.

పెద్ద కంపెనీలను అడిగేవాళ్లున్నారు. షేర్ మార్కెట్లో మొదటి 1000 కంపెనీలు 2022-23 నుంచి పర్యావరణ నివేదిక ఇచ్చి తీరాలని ఆ మార్కెట్‌ని అదుపు చేసే సెబీ చెప్పింది. మా వైపు మిల్లులు చాలావరకు భాగస్వామ్య సంస్థలు, అన్నదమ్ములవి, బావాబావమరుదులవి. వాళ్లకి ఆ గొడవ లేదు. సప్త గోదావరుల్లో ఒకటని పురాణంలో చెప్పుకునే తుల్యభాగ ఇవాళ మాకు డ్రెయిన్. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం. నీళ్లు తెచ్చినాయన గుర్తున్నాడు, వాడిన నీళ్లు ఎటు పోతున్నాయో మాత్రం ఎవరికీ పట్టదు.

మీరు మళ్లీ ఏ యజమానినైనా ఇంటర్వ్యూ చేస్తే ఆయన దార్శనికత సంగతి తర్వాత అడగండి. నీళ్ల ప్లాంటు నడిపే మనిషి ఎవరు, జీతమెంత, ప్లాంటుకి కరెంటు మీటరు వేరుగా ఉందా అని అడగండి. మీ విలేకరిని సార్వా ధాన్యం మిల్లులకి దిగాక పంపండి. ఆఫీసు గదిలో కాఫీ తాగి వెళ్లిపోకుండా, పొగగొట్టం వెనక వీధిలో ఓ గంట నిలబడమనండి. తెల్ల చొక్కా వేసుకుని రమ్మనండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మిల్లు గుమస్తా,
మండపేట
(పాత యజమానుల పిల్లలు ఇప్పటికీ ఎదురుపడుతుంటారు కాబట్టి నా పేరు వేయవద్దని మనవి.)