బోర్డు ఎవరు పెట్టాలి?

సంపాదకుల వారికి నమస్కారం.

టెక్సాస్‌లో కాల్పులు జరిగితే మర్నాడు మన పత్రికల్లో పెద్ద వార్త. 2023 మే 6న ఆలెన్ షాపింగ్ మాల్‌లో 8 మంది చనిపోయారు. వారిలో హైదరాబాద్ నుంచి వచ్చిన యువ ఇంజనీరు ఉందని తెలిశాక ఇక్కడి మన ఇళ్లలో ఆ రాత్రంతా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. అది రాయాల్సిన వార్తే. కాకపోతే, కాల్పులేవీ జరగని మామూలు రోజు గురించి ఎవరూ రాయరు. నేను రాసేది దాని గురించి.

నాకు డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌లో కిరాణా కొట్టు ఉంది. ఒక శనివారం సాయంత్రం బిల్లింగ్ లైన్లో ఒకాయన నిలబడ్డాడు. చేతిలో మామిడి గుజ్జు డబ్బా, నడుముకు బెల్టు, బెల్టుకు తోలు ఒరలో పిస్టల్. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. కానీ వెనకున్న బామ్మ మనవణ్ణి ట్రాలీ వెనక్కి లాక్కుంది. కౌంటర్లో పెద్దావిడ కరివేపాకుకు కొత్తిమీర ధర కొట్టి, 20 డాలర్లకు చిల్లర రెండుసార్లు లెక్కపెట్టింది. ఆయన నవ్వి థాంక్స్ చెప్పి వెళ్లాడు. చట్టం ప్రకారం అక్కడ ఏ తప్పూ జరగలేదు.

టెక్సాస్ అంటే కౌబాయ్‌ల రోజుల నుంచీ ఇంతే అనుకుంటారు మనవాళ్లు. నిజానికి పిస్టల్ పెట్టుకుని ఊళ్లో తిరగడాన్ని ఈ రాష్ట్రం 1871లోనే కట్టడి చేసింది. లైసెన్సు ఉన్నవాళ్లు పైకి కనపడేలా పెట్టుకోవచ్చన్న చట్టం అమల్లోకొచ్చింది 2016 జనవరి 1న. అప్పుడైనా క్లాసులో కూర్చోవాలి, గురి పరీక్ష పాసవ్వాలి. 2021 సెప్టెంబర్ 1 నుంచి ఆ గొడవా లేదు. 21 ఏళ్లు నిండి, చట్టం వద్దన్న జాబితాలో లేకపోతే చాలు, లైసెన్సు అక్కర్లేదని అప్పుడొచ్చిన చట్టం.

‘మీ కొట్లోకి తుపాకీ రావడం ఇష్టం లేకపోతే, వద్దని బోర్డు పెట్టుకోండి’ అంటుంది చట్టం. వినడానికి బాగానే ఉంది. కానీ ఒక బోర్డుతో సరిపోదు. లైసెన్సు ఉన్నవాడు కనపడేలా తెస్తే 30.07 బోర్డు, చొక్కా కింద దాచుకుంటే 30.06, లైసెన్సే లేనివాడికి 30.05. అవి శిక్షాస్మృతిలో సెక్షన్ల నంబర్లు. 30.07 బోర్డునే తీసుకోండి. అక్షరాలు అంగుళానికి తగ్గకూడదు, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ ఉండాలి, ప్రతి గుమ్మం దగ్గరా కనపడాలి. మేం ఆ ఒక్కటి అతికించేసరికే తలుపు అద్దం నిండిపోయింది. సంక్రాంతి ఆఫర్ల పోస్టరు పక్క గోడకు పోయింది. కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన ఆ బోర్డును కిందా మీదా చూసి, ‘ఇది దేని మీద డిస్కౌంటు బాబూ?’ అని అడిగారు.

బోర్డు చూసి కూడా లోపలికొస్తే 200 డాలర్ల దాకా జరిమానా. నోటితో చెప్పినా కదలకపోతే అంతకన్నా పెద్ద కేసు. సరే, ఆ నోటితో చెప్పాల్సింది ఎవరు? కౌంటర్లో గంటల లెక్కన జీతం తీసుకునే ఆ పెద్దావిడ.

మంచివాడి దగ్గర తుపాకీ ఉంటే ప్రాణాలు నిలుస్తాయన్న అవతలి వాదనను నేను కొట్టిపారేయను. 2019 డిసెంబర్‌లో ఇక్కడికి దగ్గర్లోనే, వైట్ సెటిల్‌మెంట్ అనే ఊరి చర్చిలో ఒకడు ఇద్దరిని చంపితే, సభ్యుల్లోనే ఒకాయన కొన్ని సెకన్లలో వాణ్ణి కాల్చి పడగొట్టాడు. లేకపోతే ఇంకెంతమంది పోయేవారో. అయితే ఆయన తుపాకీ శిక్షణ ఇచ్చే మనిషి. ఆయన్ని చూపించి గర్వపడిన రాష్ట్రమే రెండేళ్లు తిరక్కుండా శిక్షణ అక్కర్లేదంది.

డల్లాస్ సంగతీ గుర్తుచేసుకోవాలి. 2016 జులై 7న నిరసన ఊరేగింపు దగ్గర ఒకడు ఐదుగురు పోలీసులను కాల్చి చంపాడు. ఆ ఊరేగింపులో చట్టప్రకారమే రైఫిళ్లు తగిలించుకుని నడుస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒకతని ఫొటోను పోలీసులు అనుమానితుడంటూ ఊరంతటికీ చూపించారు, తర్వాత అతనికి సంబంధం లేదని తేలింది. రైఫిల్ వేరు, పిస్టల్ వేరు అంటారేమో. ఎవరు మంచివాడో ఎవరు కాదో తెలియడం కష్టమని అప్పటి పోలీస్ చీఫ్ డేవిడ్ బ్రౌనే అన్నాడు. ఆయనకే తెలియనిది మా కౌంటర్లో ఎలా తెలుస్తుంది?

నేనడిగేది తుపాకులు లాక్కోమని కాదు. ఆ బోర్డు బరువు తుపాకీని రమ్మనేవాళ్ల వైపు తిప్పమని. రమ్మనే కొట్టువాడు ‘తుపాకీతో రావచ్చు’ అని బోర్డు పెట్టుకుంటాడు, మిగతాచోట్ల వద్దనే అర్థం. హవాయి 2023లో ఇలాగే చట్టం చేసింది, దాని మీద గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. టెక్సాస్‌లో ఆ మాట ఎత్తితేనే నవ్వుతారని తెలుసు. అయినా ఇక్కడ ఓటున్న తెలుగువాళ్లు తక్కువేం కాదు. తమ శాసనసభ్యుడికి ఈ ఒక్క ప్రశ్న వేయొచ్చు. మన సంఘాలు పండగ సభలకు హాలు తీసుకునేటప్పుడు ఆ గుమ్మానికి ఏ బోర్డు ఉందో కూడా అడగొచ్చు.

మా బోర్డు పెట్టాక ఆ మామిడి గుజ్జు మనిషి రెండు వారాలు కనపడలేదు. గిరాకీ పోయిందనుకున్నాను. మూడో వారం వచ్చాడు, బెల్టు ఖాళీ. ‘నాకు లైసెన్సు ఉంది, మీ బోర్డు చదివాను’ అన్నాడు మర్యాదగానే. చొక్కా మాత్రం ఈసారి వదులుగా, మోకాళ్ల దాకా ఉంది. నేనేమీ అడగలేదు. 30.06 బోర్డుకు మా అద్దం మీద చోటు లేదు.

ఒక కిరాణా వ్యాపారి,
ఇర్వింగ్, టెక్సాస్