సనద్‌కు కట్టాల్సింది రూ.750 అని రాయరెందుకు?

సంపాదకులకు నమస్కారం.

లా చదివినవాళ్లు న్యాయవాదిగా ఎన్‌రోల్ అయి సనద్ (ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్) తెచ్చుకోవడం గురించి పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చూశాను. సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లు ఆగాను. వేయలేదు. ‘ఎల్‌ఎల్‌బీ అయ్యాక బార్ పరీక్ష పాసైతే సనద్ ఇస్తారు, దానికి వేలల్లో ఫీజు అవుతుంది’ అని రెండు ముక్కల్లో తేల్చేశారు. ఫీజు తప్పు, వరస తప్పు. మన వైపు నుంచి లా చదివే పిల్లల్లో చాలామంది ఇళ్లల్లో అంతకుముందు నల్లకోటు వేసినవాళ్లు లేరు. అడిగితే చెప్పే మనిషి ఉండడు. పేపర్లో ఏది వస్తే అదే నమ్ముతారు.

ముందు ఫీజు సంగతి. అడ్వొకేట్స్ చట్టం-1961లో సెక్షన్ 24(1)(ఎఫ్) చూడండి. న్యాయవాదులను నమోదు చేసే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు రూ.600, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు రూ.150, మొత్తం రూ.750. ఎస్సీ, ఎస్టీలకు రూ.100, రూ.25 కలిపి రూ.125. స్టాంపు డ్యూటీ ఉంటే అది వేరు. దేశంలోని రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు లైబ్రరీ అనీ, సంక్షేమ నిధి అనీ, వెరిఫికేషన్ అనీ దీనికి ఎన్నో రెట్లు తీసుకుంటుంటే విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. గౌరవ్ కుమార్ కేసులో 2024 జులై 30న ఇచ్చిన తీర్పులో, ఎన్‌రోల్‌మెంట్ సమయంలో చట్టంలో ఉన్నదానికి మించి ఒక్క రూపాయి తీసుకోకూడదని చెప్పారు. అంతకుముందు కట్టిన డబ్బు వాపసు రాదు. ‘ఇష్టమైతే కట్టండి’ అనే పేరుతో కూడా తీసుకోరాదని 2025 ఆగస్టులో కర్ణాటక బార్ కౌన్సిల్ మీద వచ్చిన కేసులో మళ్లీ స్పష్టం చేశారు. ఇంత జరిగాక కూడా ‘వేలల్లో’ అని మీరు రాస్తే, రేపు ఎవడో మధ్యవర్తి పదిహేను వేలు అడిగినప్పుడు ఆ తండ్రికి అది మామూలే అనిపిస్తుంది. ఉన్న ఎకరంలో వచ్చిన పత్తి డబ్బులు తెచ్చి ఇస్తాడు.

ఇక వరస. పట్టా చేతికొచ్చాక ముందు రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ కావాలి. అది ప్రొవిజనల్, అంటే తాత్కాలికం. ఆ తేదీ నుంచి రెండేళ్లలోపు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పెట్టే ఏఐబీఈ (ఆలిండియా బార్ ఎగ్జామినేషన్) పాసై సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్ తెచ్చుకోవాలి. ఆ రెండేళ్లూ వకాలత్ వేయవచ్చు, వాదించవచ్చు. గడువు దాటితే పరీక్ష పాసయ్యేదాకా ప్రాక్టీస్ ఆపాలి. ఎన్నిసార్లయినా రాసుకోవచ్చు. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పాక ఫైనలియర్ వాళ్లకూ రాసే వీలొచ్చింది, కానీ పరీక్ష పాసైనంత మాత్రాన ఎన్‌రోల్ కాకుండా కోర్టులో నిలబడటానికి లేదు. వంద ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు. జనరల్, ఓబీసీలకు 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం వస్తే పాస్. బేర్ యాక్ట్‌లు, అంటే చట్టం పాఠం మాత్రమే ఉన్న పుస్తకాలు, తీసుకెళ్లవచ్చు, అందులో నోట్స్ గానీ వ్యాఖ్యానం గానీ ఉండకూడదు. పాత సెట్టు కొని 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ చట్టాలు భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియం లేకుండా వెళ్తే ఉపయోగం లేదు. ఈ పరీక్ష ఫీజు వేరే లెక్క. ఈమధ్య నోటిఫికేషన్లలో రూ.3,500, ఎస్సీ, ఎస్టీలకు రూ.2,500 ఉంది. మీ విలేకరి దీన్నీ దాన్నీ కలిపేసినట్టున్నారు.

ఎన్‌రోల్‌మెంట్ ఆలస్యమైతే నష్టం ఎంతో కూడా మీ వార్తలో లేదు. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు మళ్లీ నిబంధన పెట్టింది. ఆ మూడేళ్లు ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచి లెక్క, ఏఐబీఈ తేదీ నుంచి కాదు. ‘ముందు పరీక్ష’ అన్న మీ మాట నమ్మి ఎన్‌రోల్ కాకుండా కూర్చున్న పిల్లకు ఆ కాలమంతా లెక్కలోకి రాదు.

కాగితాల దగ్గర ఎక్కువమంది ఆగిపోతారు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, డిగ్రీ మెమోలో పూర్తిగా, ఆధార్‌లో పేరు తర్వాత. పెళ్లయిన ఆడపిల్లలకు ఇంకో పేరు. ఇవన్నీ లా కాలేజీలో ఉండగానే, టీసీ తీసుకోకముందే సరిచేయించుకోవాలి. బయటికొచ్చాక ఒక్కో బోర్డు చుట్టూ, ఒక్కో యూనివర్సిటీ చుట్టూ తిరగాలి. సర్టిఫికెట్లు అసలువో కాదో యూనివర్సిటీ తేల్చాలి. అందుకు యూనివర్సిటీలు, పరీక్షల బోర్డులు ఫీజు తీసుకోకూడదని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ మాట కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకు చేరేలా ఎవరూ చూడలేదు. ఉద్యోగంలో ఉన్నవాళ్లు రాజీనామా చేసి రిలీవింగ్ ఉత్తర్వు చూపాలి. కేసు ఏదైనా ఉంటే దాచకుండా రాయాలి. దాచి ఎన్‌రోల్ అయితే, తర్వాత బయటపడినప్పుడు పేరు రోల్ (న్యాయవాదుల జాబితా) నుంచి తీసేసే అధికారం సెక్షన్ 26 ప్రకారం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఉంది.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది ఓపెన్ డిగ్రీ వాళ్ల సంగతి. ఇంటర్ లేకుండా అర్హత పరీక్ష రాసి నేరుగా ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ చేసినవాళ్లు మన పల్లెల్లో తక్కువేమీ కాదు. 2008 నాటి లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్‌లో రూల్ 5 ప్రకారం వాళ్లకు లా కోర్సుకే అర్హత లేదు. ఇంటర్ పాసై, ఆ తర్వాత దూరవిద్యలో డిగ్రీ చేస్తే ఇబ్బంది లేదు. ఈ తేడా అడ్మిషన్ రోజునే చెప్పాలి. సీటిచ్చి, మూడేళ్ల ఫీజు తీసుకుని, పట్టా చేతిలో పెట్టి పంపాక ఎన్‌రోల్‌మెంట్ దగ్గర కుదరదంటే ఆ మనిషి ఎవరిని నిలదీయాలి? లాసెట్ ర్యాంకర్ల ఫొటోలు పేజీ నిండా వేసే పత్రికలు ఈ ఒక్క హెచ్చరిక పక్కన వేయలేవా? ఒకప్పుడు జిల్లా పేజీలో వార్త వస్తే నిబంధన నంబరుతో సహా ఉండేది. ఇప్పుడు కోచింగ్ సెంటర్ ఇచ్చిన ప్రకటననే వార్తగా వేస్తున్నారు.

అధికారుల సంగతీ చెప్పాలి. 2022 జూన్ 2న తెలంగాణలో 33 జ్యుడీషియల్ జిల్లాలు వచ్చాయి. ములుగులో, భూపాలపల్లిలో, ఆసిఫాబాద్‌లో జిల్లా కోర్టులు కూర్చున్నాయి. వరంగల్‌లో 2021 డిసెంబరులో కొత్త కోర్టు భవనాల సముదాయాన్ని సీజేఐగా ఉన్న జస్టిస్ ఎన్.వి.రమణ చేతుల మీదుగా ప్రారంభించుకున్నాం. కక్షిదారుడి దగ్గరికి కోర్టు వచ్చింది. ఆ కోర్టులో నిలబడాల్సిన పిల్లాడు మాత్రం సనద్ కోసం ఆదిలాబాద్ నుంచి మూడు వందల కిలోమీటర్లు హైదరాబాద్‌కే పోవాలి. ప్రమాణం రోజు పోవడం సరే. ఒక అఫిడవిట్‌లో తప్పు దొర్లిందనో, ఒక మెమో ఒరిజినల్ లేదనో వెనక్కి తిరిగి రావాల్సిన పరిస్థితి ఎందుకు? ఇక్కడ హనుమకొండ సుబేదారిలో యూనివర్సిటీ లా కాలేజీ ఉంది, జిల్లా కోర్టు ఉంది, బార్ అసోసియేషన్ ఉంది. నెలకు ఒక రోజు అక్కడే కాగితాలు ముందస్తుగా చూసి, ఏది లేదో రాసిచ్చే ఏర్పాటు చేస్తే ఎవరి అధికారమూ తగ్గదు. ఏ కాగితాలు కావాలో, ఎంత కట్టాలో తెలుగులో ఒక బోర్డు లా కాలేజీ ఆఫీసు ముందు, మరొకటి కోర్టు ఆవరణలో పెట్టాలి.

బెంగళూరులోనో నాందేడ్‌లోనో చదివొచ్చినవాళ్లు కూడా అడుగుతుంటారు కాబట్టి రాస్తున్నాను. ఎక్కడ చదివారన్నది కాదు, ఎక్కడ ప్రాక్టీస్ చేయదలచారో ఆ రాష్ట్ర బార్ కౌన్సిల్‌కే దరఖాస్తు పెట్టాలి. ఇప్పటికే వేరే రాష్ట్రంలో ఎన్‌రోల్ అయి ఉంటే సెక్షన్ 18 కింద ఇక్కడి రోల్‌కు మార్చుకోవచ్చు, దానికి ఫీజు లేదని చట్టంలోనే ఉంది.

మీరు సవరణ వేయండి. లోపలి పేజీలో మూలకు కాకుండా, ఆ వార్త వచ్చిన జిల్లా పేజీలోనే, రూ.750, రూ.125 అంకెలు కనపడేలా వేయండి.

ఇట్లు,
ఒక సీనియర్ న్యాయవాది,
హనుమకొండ