అమ్మకి, అరుగు పడగొట్టేలోపు

నైరోబి, ఆదివారం రాత్రి

అమ్మా,

ఫోన్లో అయితే నేను సగం చెప్పేలోపే నువ్వు ఏడుస్తావు, నువ్వు ఏడిస్తే నేను కసురుకుంటాను, అందుకే టైప్ చేస్తున్నా, పిన్నితో చదివించుకో, చిన్నోడితో వద్దు. ఆఫీసు బానే ఉంది, లెక్కలు క్లోజ్ అయిపోయాయి, అంతే.

నాలుగు రోజులు సెలవొస్తే లాము వెళ్ళొచ్చా, ఇక్కడ కెన్యా సముద్రతీరంలో ఓ దీవి మీదున్న పాత ఊరు. చెప్పకుండా వెళ్ళానని మొహం ముడుచుకోకు, ఒక్కదాన్నే కాదు, మా ఆఫీసులో మొంబాసా అమ్మాయి ఉంది కదా, తనతోనే. సొమాలియా బోర్డర్ పక్కనే అని బాబాయి మ్యాప్ తీసి చూపిస్తాడు, చూపించనీ, మేం రోడ్డు మీద పోలేదు, విమానంలో మాండా దీవిలో దిగి అక్కణ్ణించి పడవ. వంతెన రాకముందు పెనుమూడి రేవు దాటేవాళ్ళం చూడు, అలాగే, సైకిళ్ళ బదులు సూట్‌కేసులు. రేవుని వీళ్ళు బందారి అంటారు. బందారి! మనం బందరు వెళ్ళినట్టే లెక్క.

ఊళ్ళో కార్లు పట్టవు, సందులు అంత ఇరుకు, గాడిద ఎదురొస్తే మనమే గోడకి అంటుకుపోవాలి. ఇసకైనా సిమెంటైనా దాని మీదే. గాడిదలకి ప్రత్యేకంగా ఆసుపత్రి ఉంది, 1987 నుంచీ. నేను చుడీదార్, చున్నీతోనే తిరిగా, ఎవరూ వింతగా చూడలేదు. కోట కూడా చూశాం, 1984 దాకా జైలట, ఇప్పుడు మ్యూజియం.

పడవ షికారు మాత్రం పోగొట్టుకున్నా. పడవవాడు రెండింటికి రమ్మన్నాడని భోంచేసి తీరిగ్గా వెళ్తే పొద్దున్నే వెళ్ళిపోయాట్ట, వీళ్ళ గంటలు పొద్దు పొడిచిన దగ్గర్నించి లెక్క, మన ఎనిమిది వీళ్ళకి రెండు. తిట్టబోయి, అమ్మమ్మ "జాము పొద్దెక్కింది లేవండే" అనేది గుర్తొచ్చి ఊరుకున్నా.

సన్నబడ్డావంటావు, ఫొటోలో లైటు అలా పడిందంతే. మేం దిగిన ఇంటావిడ కొబ్బరి కోరుతోంది, చిన్న పీట మీద కూర్చుని, ముందుకి పొడుచుకొచ్చిన పళ్ళ ఇనుము మీద, అచ్చం మన కోరామే, పేరు మాత్రం ఎంబూజీ, అంటే మేకట! నేను కోరతానని అడిగి రెండు కాయలు కోరా, ఆవిడ నవ్వింది. కొబ్బరిపాలతో అన్నం, బీన్స్ గింజల కూరకీ కొబ్బరిపాలే. మారు వడ్డించుకున్నా.

పాత ఇళ్ళు పగడపు రాయీ సున్నం, పైన మడకర్ర దూలాలు, మన నాగాయలంక మడ అడవిలో ఉంటాయే అలాంటి చెట్లవే. కర్ర ఎంత పొడుగొస్తే గది అంతే వెడల్పు, అందుకని గదులన్నీ రైలుపెట్టెల్లా సన్నగా ఉంటాయి. గోడల నిండా గూళ్ళు. 2001లో యునెస్కో గుర్తింపు వచ్చింది ఈ పాత ఊరికి.

వాకిళ్ళలో మాత్రం అరుగులమ్మా. రాతి అరుగులు, బరాజా అంటారు, సాయంత్రమయ్యేసరికి ముసలాళ్ళంతా వాటి మీదే. కాళ్ళు నొప్పెట్టి నేను నిలబడిపోతే ఒక తాత పక్కకి జరిగి, చేత్తో దుమ్ము దులిపి, కూర్చోమన్నట్టు చూపించాడు. ఆ దులపడం నాన్నే. నాన్న ఎవరొచ్చినా తుండుతో అలాగే దులిపేవాడు కదా, దుమ్ము లేకపోయినా. అక్కడే ఏడ్చేశా, ఆ అమ్మాయి కంగారుపడింది.

చిన్నోడు కారు షెడ్డుకి అరుగు కొట్టించేస్తాట్ట, పిన్ని చెప్పింది. నువ్వెందుకు చెప్పలేదు? నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళేది వాడు, వానలో తడవకుండా కారెక్కాల్సింది నువ్వు, అన్నీ నిజమే, దూరంగా కూర్చుని అరుగు ఉంచమనడం నాకు తేలికే, వాడు ఆ మాటే అంటాడు, అననీ. కానీ పెరట్లో గేదెల పాక ఖాళీగానే ఉందిగా, పక్క సందులోంచి కారు పడుతుందేమో టేపు పెట్టి కొలవమను. రేకులకీ మేస్త్రీకీ డబ్బులు నేను పంపుతా. పట్టకపోతే సంక్రాంతికి నేను వచ్చేదాకా ఆగమను, అంతవరకు గునపం పెట్టనీకు. పిన్నీ, ఈ ముక్క రెండోసారి చదువు.

కళ్ళజోడు మార్పించుకున్నావా? రాత్రి బీపీ మాత్ర మానకు. నీకో ఎంబూజీ కొన్నా, మన దగ్గర లేదా అనకు, ఇది మడిచి అటక మీద పెట్టుకోవచ్చు.

నీ
పెద్దది